మొదటి బీరు బ్యాచ్: 16 లీటర్ల నీళ్ల నుంచి 25 సీసాల దాకా

పులిసే బకెట్లోకి 10 లీటర్లు, గ్రావిటీ (నీళ్లతో పోలిస్తే ద్రవం ఎంత బరువో చెప్పే అంకె, చక్కెర ఎక్కువైతే ఇదీ ఎక్కువ) 1.046, చేదు 26 ఐబీయూ (బీరు చేదుని కొలిచే ప్రమాణం). లేత రంగు సాదా ఏల్ రకం బీరు. మొదటి బ్యాచ్‌కి కాగితం మీద రాసుకున్న లక్ష్యం ఇది. బకెట్లోకి చేరింది 9.5 లీటర్లు, గ్రావిటీ 1.040. ఆ తేడా ఎక్కడెక్కడ పుట్టింది, అందులో ఏది అప్పటికప్పుడు సర్దుకుంది, ఏది తర్వాతి బ్యాచ్‌కి మిగిలింది అన్నదే ఈ డైరీ. ఇదే పద్ధతిలో కాచాలనుకునేవాళ్లు అంకెలు ఉన్నవి ఉన్నట్టు వాడుకోవచ్చు. ఇంట్లో బీరు కాచుకోవడానికి మీరున్న చోట చట్టం ఒప్పుకుంటుందో లేదో మాత్రం సామాన్లు కొనకముందే చూసుకోండి.

ఎంచుకున్నది సంచి పద్ధతి. మాల్ట్‌ని (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) సన్నని గుడ్డ సంచిలో వేసి, ఒకే గిన్నెలో నానబెట్టి, సంచి పైకి తీసేసి, మిగిలిన ద్రవాన్ని అదే గిన్నెలో మరిగించడం. రెండో గిన్నె అక్కర్లేదు, పంపు అక్కర్లేదు.

సామాన్లు

- 20 లీటర్ల స్టీలు గిన్నె, అడుగున పెట్టడానికి చిల్లుల స్టీలు పళ్లెం
- నైలాన్ సంచి (గిన్నె అంచు మీదికి మడిచేంత పెద్దది)
- చేత్తో తిప్పే రెండు రోలర్ల మాల్ట్ మర
- డిజిటల్ థర్మామీటర్, గ్రావిటీ కొలిచే హైడ్రోమీటర్, 100 మి.లీ. పట్టే పొడవాటి జాడీ
- 0.1 గ్రాము దాకా చూపే త్రాసు
- ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ని వదిలి, బయటి గాలిని రానివ్వని బిరడా) ఉన్న 15 లీటర్ల మూత బకెట్, సీసాలు నింపడానికి మరో బకెట్, సైఫన్ గొట్టం
- లేత మాల్ట్ 2.2 కిలోలు, క్రిస్టల్ మాల్ట్ 0.2 కిలోలు
- హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పూలు) గుళికలు 28 గ్రాములు, చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లం 6 శాతం ఉన్నవి
- పొడి ఏల్ ఈస్ట్ 6 గ్రాములు

గిన్నె మీద లీటర్ల గీతలు లేవు. ఒక్కో లీటరు నీళ్లు పోస్తూ పొడవాటి గరిటె కాడ మీద గాట్లు పెట్టుకున్నాను. ఈ మొత్తం ప్రాజెక్టులో ఎక్కువసార్లు పనికొచ్చిన పనిముట్టు ఆ గరిటే.

## దశ 0: కొలిచేవాటిని ముందు కొలవడం

1. ఐసు ముక్కలు, నీళ్లు కలిపిన గ్లాసులో థర్మామీటర్ పెట్టాను. సున్నా చూపాల్సింది 1.2 చూపింది.
2. మరిగే నీళ్లలో కూడా దాదాపు అంతే ఎక్కువ చూపింది. సముద్రమట్టం నుంచి ప్రతి 300 మీటర్ల ఎత్తుకీ మరిగే ఉష్ణోగ్రత సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది, అది కూడా లెక్కలోకి తీసుకోవాలి.
3. 20 డిగ్రీల డిస్టిల్డ్ వాటర్‌లో హైడ్రోమీటర్ 1.000 చూపాలి. 0.998 చూపింది.

అంటే థర్మామీటర్ అంకెలోంచి 1.2 తీసేయాలి, హైడ్రోమీటర్ అంకెకి 0.002 కలపాలి. కింద రాసిన అంకెలన్నీ ఈ సవరణ చేశాకవే. హైడ్రోమీటర్‌కి ఇంకో మెలిక ఉంది. అది 20 డిగ్రీల దగ్గర సరిగ్గా చూపేలా తయారైంది, కొన్నిటికి 15.6 డిగ్రీలు. ద్రవం 30 డిగ్రీలుంటే 0.002 నుంచి 0.003 దాకా, 40 డిగ్రీలుంటే సుమారు 0.006 తక్కువ చూపిస్తుంది. అందుకే వేడి నమూనాని చిన్న స్టీలు గ్లాసులో పోసి, చల్లనీళ్లలో పెట్టి, 20కి దించాకే కొలిచాను. సవరణ పట్టికల కన్నా చల్లార్చి కొలవడమే నమ్మకం.

## దశ 1: నీళ్లు

కుళాయి నీళ్లు 16 లీటర్లు. క్లోరిన్, క్లోరమిన్ ఉన్న నీళ్లతో కాస్తే అవి మాల్ట్‌లోని ఫినాల్స్‌తో కలిసి మందుల వాసన తెస్తాయి, అదీ చాలా కొద్ది మోతాదుకే. క్లోరిన్ మరిగిస్తే పోతుంది, క్లోరమిన్ అంత తేలిగ్గా పోదు. పొటాషియం మెటాబైసల్ఫైట్ మాత్ర ఒకటి సుమారు 75 లీటర్లకి సరిపోతుంది. పావు మాత్ర పొడిచేసి కలిపాను. నిమిషాల్లో పనిచేస్తుంది.

నీటి లెక్క: 16.0 లీటర్లు

## దశ 2: మాష్

మాష్ అంటే చితికిన మాల్ట్‌ని వేడినీళ్లలో నానబెట్టి, అందులోని పిండిపదార్థాన్ని చక్కెరలుగా మార్చడం. ఆ పని చేసే ఎంజైములు మాల్ట్‌లోనే ఉంటాయి. బీటా అమైలేజ్ 60 నుంచి 65 డిగ్రీల మధ్య బాగా పనిచేసి, ఈస్ట్ తేలిగ్గా తినగలిగే చక్కెరని ఇస్తుంది. ఆల్ఫా అమైలేజ్ 70 దగ్గర చురుగ్గా ఉంటుంది, దాని చక్కెరల్లో కొన్ని ఈస్ట్‌కి అరగవు, అవి బీరులో చిక్కదనంగా మిగిలిపోతాయి. 67 అంటే రెంటికీ మధ్యస్థం.

మాల్ట్ వేయగానే నీళ్లు కొంచెం చల్లబడతాయి కాబట్టి ముందే ఎక్కువ వేడి చేయాలి. లెక్క ఇలా:

1. లీటర్లని కిలోలతో భాగించాలి: 16 ÷ 2.4 = 6.67
2. 0.41 ÷ 6.67 = 0.0615
3. కావాల్సిన వేడికీ మాల్ట్ వేడికీ తేడా: 67 − 25 = 42
4. 0.0615 × 42 = 2.6. అంటే నీళ్లు 69.6 డిగ్రీలుండాలి.

లెక్క తప్పలేదు. కొలిచిన చోటే తేడా. మాల్ట్ వేసి కాస్త కలిపి పైన చూస్తే 67.1. అడుగున పెడితే 71. మధ్యలో పొడి పిండి ముద్దలు, వాటి లోపల 58. ఒకే గిన్నెలో మూడు వేర్వేరు మాష్‌లు నడుస్తున్నాయన్నమాట. మూడు నిమిషాలపాటు అడుగు నుంచి పైకి కలుపుతూ ముద్దలన్నీ చిదిపాక, ఎక్కడ చూసినా 67.5కి అటూ ఇటూగా వచ్చింది. మాల్ట్‌ని ఒక్కసారిగా కుమ్మరించకుండా ఒకరు పోస్తుంటే ఇంకొకరు కలపడం మంచిది. ఒక్కరే చేస్తే నాలుగైదు విడతలుగా వేయాలి.

మూత పెట్టి వదిలేశాను. వేడి ఇలా జారింది:

- మొదట్లో: 67.5
- 30 నిమిషాలకి: 64.8
- 60 నిమిషాలకి: 62.3

గంటలో 5 డిగ్రీలు. చిన్న బ్యాచ్‌లకి ఇది పెద్ద బ్యాచ్‌ల కన్నా ఎక్కువ బాధ, ఎందుకంటే ద్రవం తక్కువ, వేడి పోయే ఉపరితలం దాంతో పోలిస్తే ఎక్కువ. మధ్యలో మంట వెలిగించడం అనుకున్నంత తేలిక కాదు. సంచి అడుగున తగిలి మాడుతుంది. చిల్లుల పళ్లెం అందుకే, అయినా వెలిగించలేదు.

గంట తర్వాత అయోడిన్ పరీక్ష. తెల్ల పళ్లెంలో చెంచాడు ద్రవం పోసి, పొట్టు లేకుండా చూసి, చుక్క అయోడిన్ వేస్తే నల్లటి నీలం తిరిగింది. పిండి ఇంకా మిగిలే ఉందని అర్థం. 75 నిమిషాలకి మళ్లీ చేస్తే లేత ఊదా. అక్కడికి సంచి తీసేశాను. (పరీక్ష చేసిన ద్రవం పారబోయాలి, గిన్నెలో తిరిగి పోయకూడదు.)

సంచిని గిన్నె మీద వేలాడదీసి, చల్లారాక చేతికి తొడుగులు వేసుకుని పిండాను. మాల్ట్ కిలోకి ఒక లీటరు చొప్పున నీళ్లు తాగుతుందని వేసుకున్నాను. పిండడం వల్ల కిలోకి 0.75 లీటరే ఆగింది.

నీటి లెక్క: 16.0 − 1.8 = 14.2 లీటర్లు (వేడిగా కొలిచినది)

### దిగుబడి ఎందుకు పడిపోయింది

మరిగించే ముందు తీసిన నమూనా 1.030 చూపింది.

లేత మాల్ట్‌లో ఉన్న సారమంతా కరిగితే కిలో మాల్ట్ ఒక లీటరులో సుమారు 305 పాయింట్లు ఇస్తుంది (పాయింట్ అంటే 0.001). క్రిస్టల్ మాల్ట్ సుమారు 280. నా మాల్ట్‌లో ఉన్నవి మొత్తం 727 పాయింట్లు. 14.2 వేడి లీటర్లు చల్లారితే 13.9. 13.9 × 30 = 417. అంటే 57 శాతం దిగుబడి. అనుకున్నట్టు 70 శాతం వచ్చి ఉంటే ఇంత నీటికి 1.037 చూపాలి.

పిప్పిని పళ్లెంలో పరిచి చూస్తే కారణం కనబడింది. లోపల తెల్లటి గట్టి ముక్కలు, కొన్ని గింజలు అసలు పగలనే లేదు. మర తిప్పాక మిగిలిన పొడి మాల్ట్‌లోంచి 100 గింజలు ఏరి లెక్కపెట్టాను. 14 పగలకుండా ఉన్నాయి. ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పలచటి రేకులు) చూస్తే రోలర్ల మధ్య సందు 1.3 మి.మీ. పిప్పి గుండా ద్రవాన్ని వడకట్టే పద్ధతిలో పొట్టు నలగకుండా ఉండాలి, లేకపోతే వడపోత బిగుసుకుపోతుంది. అందుకు మరీ సన్నగా ఆడరు. సంచి పద్ధతిలో వడకట్టేది గుడ్డ, కాబట్టి ఇంకా సన్నగా ఆడుకోవచ్చు. మరని డబ్బాలోంచి తీసి అలాగే వాడటానికి వీల్లేదు. వంద గింజల లెక్కకి రెండు నిమిషాలు పట్టదు, మొత్తం మాల్ట్ ఆడించకముందే చేయాలి.

ఇక్కడ చేతిలో మూడు దారులున్నాయి:

1. తగ్గిన 92 పాయింట్లకి పొడి మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ సుమారు 250 గ్రాములు కలపడం.
2. ఎక్కువసేపు మరిగించి చిక్కబరచడం. 1.046 చేరేసరికి 9 లీటర్లే మిగులుతాయి, అందులో మడ్డి కూడా పోవాలి.
3. పలచటి బీరుకి ఒప్పుకుని, దానికి తగ్గట్టు చేదు తగ్గించడం.

మూడోది ఎంచుకున్నాను. ఎక్స్‌ట్రాక్ట్ దగ్గర లేదు. అదీగాక సంచి పద్ధతిలో ఈ గిన్నె ఏమిస్తుందో తెలియాలంటే దాన్ని కలపకుండా చివరిదాకా చూడాలి.

చేదు తగ్గించడం ఎందుకంటే, నాలుకకి తెలిసేది ఐబీయూ ఒక్కటే కాదు, తీపికీ చేదుకీ ఉన్న నిష్పత్తి. 26 ఐబీయూ, 46 పాయింట్లు అన్నది నా లెక్క. నిష్పత్తి 0.57. పలచటి వోర్ట్‌లోకి (మాష్ నుంచి వచ్చిన తీపి ద్రవం) హాప్స్ చేదు ఇంకొంచెం ఎక్కువగా దిగుతుంది. మొదటి మోతాదు హాప్స్ అనుకున్నట్టు 18 గ్రాములు అలాగే వేస్తే 28.5 ఐబీయూ, 40 పాయింట్లు, నిష్పత్తి 0.71. అది వేరే బీరు. దాన్ని 14 గ్రాములకి తగ్గిస్తే 23 ఐబీయూ, నిష్పత్తి మళ్లీ 0.57.

మరిగే ముందు కొలత తీయడం చాలామంది వదిలేస్తారు, చివర్లో ఎలాగూ కొలుస్తాం కదా అని. చివర్లో 1.040 చూసి చేసేదేమీ లేదు, హాప్స్ అప్పటికే గిన్నెలో ఉంటాయి. ఇంకా ఏదైనా మార్చడానికి వీలున్న చోట తీసిన కొలతే పనికొస్తుంది.

## దశ 3: మరిగించడం

1. మంట పెంచి మరుగు రానిచ్చాను. మరుగు పట్టే ముందు మాంసకృత్తుల నురుగు ఒక్కసారిగా పైకి లేస్తుంది. మూత తీసి, గరిటె పట్టుకుని పక్కనే ఉండాలి.
2. నురుగు అణిగాక 14 గ్రాముల హాప్స్, 60 నిమిషాల లెక్క అక్కడినుంచి.
3. ఆఖరి 5 నిమిషాలకి 10 గ్రాముల హాప్స్, వాసన కోసం.

గంటకి 2 లీటర్లు ఆవిరవుతాయని అంచనా. పోయింది 3.2. గిన్నె వెడల్పు ఎక్కువ, మంట పెద్దది. ఆవిరయ్యే నీళ్లు వోర్ట్ ఎంత చిక్కగా ఉందన్న దాని మీద పెద్దగా ఆధారపడవు, గిన్నె నోరు, మంట రెండే లెక్క. అందుకే దీన్ని ఉత్త నీళ్లతో ముందే కొలుచుకోవచ్చు. 14 లీటర్లు పోసి, అదే మంట మీద గంట మరిగించి, గరిటె గాటు చూస్తే చాలు. బ్యాచ్ పాడవకుండా తెలిసే అంకె ఇది.

మూత పెట్టి మరిగిస్తే నీళ్లు మిగులుతాయి గానీ, ఉడికిన మొక్కజొన్న వాసన తెచ్చే డైమిథైల్ సల్ఫైడ్ బయటికి పోదు. మూత తీసే ఉంచాలి.

నీటి లెక్క: 14.2 − 3.2 = 11.0 (వేడి). చల్లారితే 4 శాతం కుంచించుకుని 10.6 లీటర్లు

గ్రావిటీ 1.040. 10.6 × 40 = 424, అంటే 58 శాతం. ముందు తీసిన 57తో కలిసింది, కాబట్టి కొలతలు నమ్మొచ్చు.

## దశ 4: చల్లార్చడం

విసిగించిన దశ ఇదే. గిన్నెని టబ్బులో చల్లనీళ్లలో దించాను.

- 100 నుంచి 60 డిగ్రీలకి: 20 నిమిషాలు
- 60 నుంచి 40కి: 30 నిమిషాలు
- 40 నుంచి 28కి: 40 నిమిషాలు
- ఆ తర్వాత కదల్లేదు

టబ్బులో నీళ్లు 26 డిగ్రీలున్నప్పుడు గిన్నె 20కి దిగడం జరగదు. చివరికి ఐసు తెచ్చి వేస్తే అరగంటలో 20కి వచ్చింది. మొత్తం రెండు గంటలు.

ఐసు మొదట్లోనే వేస్తే వృథా. గిన్నె 100 డిగ్రీలున్నప్పుడు మామూలు నీళ్లతో కూడా తేడా 70 పైనే, వేడి దానంతటదే పరిగెత్తుతుంది. 40 కిందికి వచ్చాక తేడా తగ్గిపోతుంది, ఐసు విలువ అక్కడ. రెండో బ్యాచ్‌లో 60 దగ్గర టబ్బు నీళ్లు మార్చి, 40 దగ్గర ఐసు వేసి, శానిటైజ్ చేసిన గరిటెతో వోర్ట్‌ని నెమ్మదిగా తిప్పుతూ ఉంటే 45 నిమిషాల్లో అయిపోయింది. గిన్నెని కదపకుండా వదిలేస్తే అంచు దగ్గర మాత్రమే చల్లబడుతుంది.

మరుగు ఆగాక తగిలే ప్రతి వస్తువూ శుభ్రంగా ఉండటంతో సరిపోదు, శానిటైజ్ చేసి ఉండాలి. ఫాస్ఫారిక్ ఆమ్లం ఆధారంగా చేసిన, కడగక్కర్లేని శానిటైజర్ లీటరు నీటికి 1.5 మి.లీ. కలిపి, ఒకటి రెండు నిమిషాలు తడిసి ఉండేలా చూశాను. మురికి మీద ఇది పనిచేయదు. ముందు తోమాలి, తర్వాతే ఇది.

## దశ 5: పులియడం

వోర్ట్‌ని కాస్త ఎత్తు నుంచి బకెట్లోకి పోశాను. ఈస్ట్ పెరగడానికి ఆక్సిజన్ కావాల్సింది ఈ ఒక్క చోటే. ఇక్కడినుంచి సీసా మూత బిగించేదాకా గాలి తగలకూడదు. అడుగు మడ్డి, నమూనాలు కలిపి 1.1 లీటర్లు గిన్నెలో ఆగిపోయాయి.

నీటి లెక్క: 10.6 − 1.1 = 9.5 లీటర్లు

20 డిగ్రీల దగ్గర 6 గ్రాముల పొడి ఈస్ట్ చల్లి మూత వేశాను. 14 గంటలకి మొదటి బుడగ.

తర్వాత జరిగినది బకెట్ పక్కకి అంటించిన థర్మామీటర్ చెప్పింది:

- 12 గంటలు: 20.5
- 24 గంటలు: 23.8
- 36 గంటలు: 26.1

గది మాత్రం 23 దాటలేదు. పులియడంలోనే వేడి పుడుతుంది. జోరుగా ఉన్నప్పుడు లోపల గది కన్నా కొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. గదిని చూసి బకెట్ సరిగ్గా ఉందనుకోవడానికి లేదు. 26 దగ్గర చాలా ఏల్ ఈస్ట్‌లు పండిన అరటిపండు వాసన, ఇంకా వేడెక్కితే గొంతులో మండే బరువైన ఆల్కహాళ్లు వదులుతాయి. ఆ రుచుల్లో ఎక్కువ భాగం మొదటి మూడు రోజుల్లోనే తయారవుతుంది, తర్వాత చల్లబరిచినా వెనక్కి పోవు.

బకెట్‌ని నీళ్ల టబ్బులో పెట్టి, గడ్డకట్టించిన నీళ్ల సీసాలు రెండు వేశాను. 8 గంటల్లో 21కి దిగింది. అక్కడినుంచి పొద్దున రెండు, రాత్రి రెండు సీసాలు మారుస్తుంటే 19 నుంచి 20 మధ్య నిలిచింది. రెండో బ్యాచ్‌లో ఈస్ట్ వేసే ముందే బకెట్‌ని టబ్బులో పెట్టాను. వేడెక్కాక దించడం కన్నా వేడెక్కకుండా ఆపడం ఎంతో తేలిక.

నాలుగో రోజు ఎయిర్‌లాక్ ఆగిపోయింది. బుడగలు ఆగితే పులియడం అయిపోయిందనుకునేవాళ్లు చాలామంది. మూత సందులోంచి గ్యాస్ పోతుంటే మొదటి రోజే బుడగలు రాకపోవచ్చు. వేడి పెరిగితే ఊరికే కూడా రావచ్చు. హైడ్రోమీటర్ ఒక్కటే సాక్ష్యం.

- 4వ రోజు: 1.014
- 7వ రోజు: 1.011
- 10వ రోజు: 1.010
- 13వ రోజు: 1.010

రెండు మూడు రోజుల ఎడంతో తీసిన రెండు కొలతలు ఒకటే అయితేనే ఆగినట్టు. ఇది ఓపిక కోసం చెప్పే మాట కాదు. ప్రతి 0.001 దిగడానికీ ద్రవం పరిమాణానికి సుమారు సగం వంతు కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. నాలుగో రోజు 1.014 దగ్గర సీసాల్లో పోసి ఉంటే, మిగిలిన 4 పాయింట్లకి 2 వంతులు. దానికి గ్యాస్ కోసం వేసే పంచదార కలిస్తే మొత్తం 4.4 వంతులు. మామూలు బీరు సీసా తట్టుకునేది అంత కాదు. గాజు పేలితే కళ్లు పోతాయి.

ఆల్కహాల్: (1.040 − 1.010) × 131.25 = 3.9 శాతం. ఈస్ట్ తిన్నది 75 శాతం, దాని పనిలో లోపమేమీ లేదు.

నీటి లెక్క: 9.5 − 0.4 (నాలుగు నమూనాలు) − 0.7 (అడుగు ఈస్ట్) = 8.4 లీటర్లు

## దశ 6: సీసాల్లోకి

పులిశాక 20, 21 డిగ్రీలున్న బీరులో సుమారు 0.85 వంతుల గ్యాస్ కరిగే ఉంటుంది. కావాల్సింది 2.4. తేడా 1.55. ఒక వంతుకి లీటరుకి సుమారు 3.85 గ్రాముల పంచదార పడుతుంది. లీటరుకి 6 గ్రాములు, 8.4 లీటర్లకి 50 గ్రాములు. త్రాసుతోనే తూయాలి, చెంచాలతో వద్దు.

1. 50 గ్రాముల పంచదార 100 మి.లీ. నీళ్లలో మరిగించి చల్లార్చాను.
2. సైఫన్ గొట్టం నిండా శానిటైజర్ కలిపిన నీళ్లు నింపి ప్రవాహం మొదలుపెట్టాను. నోటితో పీల్చడం వద్దు, నోట్లో ఉన్న బాక్టీరియా బీరులోకి పోతుంది.
3. గొట్టంలో మిగిలిన నీళ్లు వేరే గిన్నెలోకి వదిలి, బీరు మొదలయ్యాక బకెట్లోకి తిప్పాను.
4. మూతి నుంచి 3 సెంటీమీటర్ల ఖాళీ వదిలి నింపి, మూతలు బిగించాను. మూతల మీద నింపిన వరసలో అంకెలు రాశాను.

గాజువి 330 మి.లీ. సీసాలు 24. సోడా వాడిన ప్లాస్టిక్ సీసా ఒకటి, అర లీటరుది. ప్లాస్టిక్ సీసా గ్యాస్ మీటరు లాంటిది, నొక్కి చూస్తే లోపల ఒత్తిడి ఎంత పెరిగిందో తెలుస్తుంది. అది రాయిలా అయ్యేదాకా గాజువి తెరవక్కర్లేదు. అది మరీ ఉబ్బిపోతే గాజు సీసాలన్నీ వెంటనే ఫ్రిజ్‌లోకి వెళ్లాలి.

పంచదార పాకం బీరు నిండాక పైనుంచి పోసి, గాలి కలుస్తుందని పెద్దగా కలపకుండా వదిలాను. దాని ఫలితం తర్వాతి దశలో ఉంది.

నీటి లెక్క: 16 లీటర్ల నీళ్లలో సీసాల్లోకి చేరింది 8.4 లీటర్లు, 25 సీసాలు

## దశ 7: తెరిచి చూడటం

21 డిగ్రీల దగ్గర చీకట్లో ఉంచాను. వెలుతురు పడితే హాప్స్ సమ్మేళనాలు విడిపోయి చెడు వాసన వస్తుంది, గోధుమ రంగు సీసా కొంత కాపాడుతుంది, పచ్చదీ తెల్లదీ కాపాడవు.

వారానికి ప్లాస్టిక్ సీసా గట్టిపడింది. రెండో వారం చివర సీసాలు ఒక రోజు ఫ్రిజ్‌లో పెట్టి తెరిచాను. చల్లబడితేనే గ్యాస్ బీరులోకి దిగుతుంది.

2వ నంబరు సీసా: చిన్న చప్పుడు, నురుగు వేలెడు కూడా లేదు, నిమిషంలో పోయింది.
23వ నంబరు సీసా: తెరవగానే నురుగు మూతి దాటి పొంగింది.

ఒకే బకెట్, ఒకే రోజు, ఒకే మూతలు. పాకం బీరు కన్నా బరువు, కలపకపోతే సమంగా వ్యాపించదు. వరస అంకెలు రాసి ఉండకపోతే ఇది ఇన్ఫెక్షనో, పంచదార లోపమో తేలేది కాదు. మధ్య అంకెల సీసాలు రెండు తెరిస్తే గ్యాస్ సరిగ్గా ఉంది, అదే నిర్ధారణ. 18 నుంచి పైవన్నీ ఆ రోజే ఫ్రిజ్‌లోకి మార్చాను.

మార్చిన పద్ధతి: పాకం ముందు ఖాళీ బకెట్లో పోయాలి. గొట్టం చివర అడుగున ఒక పక్కకి ఆనించి ఉంచితే బీరు సుడి తిరుగుతూ నిండుతుంది, పాకం దాంతోనే కలుస్తుంది. సగం నిండాక ఒకసారి, నిండాక ఒకసారి శానిటైజ్ చేసిన గరిటెతో బుడగలు రాకుండా నెమ్మదిగా తిప్పాలి.

రుచి గురించి. చేదు, తీపి సమంగా ఉన్నాయి, 4 గ్రాముల హాప్స్ తగ్గించడం మంచిదైంది. వాసనలో అరటిపండు ఛాయ ఉంది, 26 డిగ్రీల గుర్తు అది. పచ్చి యాపిల్ వాసన కొద్దిగా ఉండి, మూడో వారానికి పోయింది. అది ఎసిటాల్డిహైడ్, ఈస్ట్‌కి ఇంకొంచెం సమయం ఇస్తే తనే తినేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు బీరు మసకగా, గది వేడికి వచ్చాక తేటగా కనబడింది. మాంసకృత్తులు, పాలీఫినాల్స్ కలిసి చలికి కనబడే మసక ఇది, రుచికి నష్టం లేదు.

## దశ 8: రెండో బ్యాచ్, అదే వంటకం

కొత్త మాల్ట్, కొత్త హాప్స్ కొనాలనిపిస్తుంది. కొనలేదు. వంటకం మారిస్తే మొదటి అంకెలతో పోల్చడానికి ఏమీ మిగలదు. విలియం సీలీ గాసెట్ గిన్నెస్ బ్రూవరీలో పనిచేస్తూ 1908లో ‘స్టూడెంట్’ అనే పేరుతో రాసిన పరిశోధన పత్రం, కొద్దిపాటి నమూనాలతో ఎంతవరకు నమ్మకంగా చెప్పగలం అన్న ప్రశ్న మీదే. ఈనాటికీ గణాంకశాస్త్రంలో వాడే టీ పరీక్ష దాంట్లోంచి వచ్చింది. ఇంట్లో కాచేవాళ్ల దగ్గర ఉండేవి ఒకటి రెండు బ్యాచ్‌లే. అంత తక్కువలో ఏదైనా తెలియాలంటే మిగతావన్నీ కదలకుండా ఉండాలి.

నీళ్లు వెనకనుంచి లెక్కవేశాను:

1. బకెట్లోకి కావాల్సింది 10.0
2. మడ్డి, నమూనాలు 1.1 కలిపితే 11.1
3. కుంచించుకునేది కలిపితే వేడిగా 11.6
4. ఆవిరి 3.2 కలిపితే 14.8
5. మాల్ట్ తాగేది 1.8 కలిపితే 16.6 లీటర్లు

రోలర్ల సందు 1.3 నుంచి 1.0 మి.మీ.కి బిగించాను. వంద గింజల్లో పగలనివి 14 నుంచి 2కి తగ్గాయి. మాష్ గిన్నెకి దుప్పటి చుడితే గంటలో 67.3 నుంచి 65.6కే దిగింది (మంట పూర్తిగా ఆపి, పొయ్యి మీద నుంచి దించాకే చుట్టాలి). 60 నిమిషాల అయోడిన్ పరీక్షలో రంగు మారలేదు.

- మరిగే ముందు: 14.8 లీటర్లు, 1.036
- బకెట్లో: 10.0 లీటర్లు, 1.046, దిగుబడి 70 శాతం
- పులియడం: మొదటి మూడు రోజులూ 19 నుంచి 20
- చివరి గ్రావిటీ: 1.011, ఆల్కహాల్ 4.6 శాతం
- సీసాలు: 3వదీ 24వదీ పక్కపక్కన పోస్తే నురుగులో తేడా కనబడలేదు

మరిగే ముందు కొలత సరిగ్గా రావడంతో హాప్స్ 18 గ్రాములూ వేశాను. అరటిపండు వాసన పోయింది. మసక మాత్రం అలాగే ఉంది. సీసాల్ని మూడు వారాలు ఫ్రిజ్‌లో నిలవ ఉంచితే కొంత తగ్గింది. మరుగు ఆఖరి పావుగంటలో ఐరిష్ మాస్ (ఎండబెట్టిన సముద్రపు నాచు) వేస్తే మాంసకృత్తులు ముద్దకట్టి అడుక్కి దిగుతాయి. మూడో బ్యాచ్‌లో మారేది అదొక్కటే. 10 లీటర్లకి 2 గ్రాములు తూచి పెట్టాను.